పర్ర, చెరువు, ఉప్పెన: దిగువ కృష్ణా డెల్టాలో పర్యావరణ ప్రణాళికా విద్య - తెలుగు మాటల స్థానం

వ్యాససంగ్రహం

సుస్థిర ప్రణాళిక, పర్యావరణ విధానం అనే స్నాతకోత్తర చదువులో తెలుగు ప్రసక్తి వచ్చినప్పుడు దాన్ని అనువాద సమస్యగానే చూడడం పరిపాటి. ఆంగ్లపదానికి సమానార్థకం దొరికితే పని పూర్తయినట్లు భావిస్తారు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నేల, నీరు, తుఫానులకు సంబంధించిన కొన్ని మాటలను ఆధారం చేసుకొని ఈ భావన చాలదని ప్రస్తుత వ్యాసం ప్రతిపాదిస్తున్నది. స్థానిక పదం ఒక వర్గీకరణ. విధానపత్రంలో ఆ పదం చెరిగిపోయినప్పుడు అది గుర్తించిన నేల కూడా లెక్కలోంచి జారిపోతుంది.

కీలక పదాలు: పర్యావరణ విధానం, సుస్థిరాభివృద్ధి, కృష్ణా డెల్టా, దివిసీమ, కొల్లేరు, వృత్తిపదాలు, ప్రజాభిప్రాయ సేకరణ.

1. ఉపోద్ఘాతం

పర్యావరణ విద్యను అన్ని స్థాయుల్లోనూ తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు ఎం.సి.మెహతా కేసులో 1991లో ఆదేశించింది. ఆ తరవాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యాంశాన్ని రూపొందించింది. దేశమంతటికీ ఒకే నమూనా కావడంతో అందులో అడవులు, గనులు, ఆనకట్టలు, ఓజోన్ పొర అన్నీ ఉంటాయి గాని, చదివే విద్యార్థి ఊరి మురుగుకాలువ ఎటు పారుతుందో ఉండదు. స్థానిక ప్రదేశాన్ని సందర్శించి నివేదిక రాయాలన్న నిబంధన ఉన్నప్పటికీ చాలాచోట్ల అది రికార్డు పుస్తకంలో అతికించిన ఛాయాచిత్రాలకే పరిమితమైంది.

డిగ్రీ దాటి పైచదువుకు వెళ్తే దృశ్యం మారుతుంది. డెల్టా శిరస్సున విజయవాడలో 2008లో ఏర్పడిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో పర్యావరణ ప్రణాళిక, నిర్వహణ ప్రధానాంశంగా ఎం.ప్లాన్ చదువు ఉన్నది. అదే ఏడాది డెల్టా చివర మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడింది. రెంటికీ మధ్య దూరం డెబ్బై కిలోమీటర్ల లోపే. ఈ దారి పొడవునా బందరు కాలువ, దాని పిల్లకాలువలు, లాకులు, తూములు, శివారు పొలాలు పరచుకొని ఉన్నాయి. ప్రణాళికా విద్యార్థికి ఇంతకంటే విస్తారమైన ప్రయోగశాల దొరకదు. మచిలీపట్నం నోబుల్ కళాశాల 1843 నాటిది. గుడివాడ అక్కినేని నాగేశ్వరరావు కళాశాల 1950 నాటిది. వాటిలో తెలుగు చదివినవారికి ఈ దారి మాటలు తెలుసు. ప్రణాళిక చదివినవారికి పటం గీయడం తెలుసు. ఈ రెండు చదువులూ ఒకదాన్నొకటి పలకరించుకోకపోవడమే ఈ వ్యాసానికి ప్రేరణ.

2. 'సుస్థిర' అనే మాట

1987లో వెలువడిన బ్రంట్‌లాండ్ నివేదిక తరవాత ప్రపంచమంతటా వ్యాపించిన భావనకు తెలుగులో 'సుస్థిరాభివృద్ధి' స్థిరపడింది. కన్నడ, మలయాళాలూ 'సుస్థిర' శబ్దాన్నే స్వీకరించాయి. హిందీ 'సతత్' అన్నది, అంటే ఎడతెగనిది. మరాఠీ ఏకంగా 'శాశ్వత' అన్నది. బంగ్లా మాత్రం 'టేక్‌సొయి' అనే వాడుకమాటను ఎంచుకున్నది. చెప్పులో గుడ్డో చాలాకాలం మన్నుతుందని చెప్పడానికి ఇంట్లో వాడే మాట అది. డెల్టాలో పుట్టిపెరిగిన భాష ఇలాంటి మాటను ఎంచుకోవడం గమనించదగినది.

తెలుగులో 'సుస్థిర ప్రభుత్వం' అన్నా, 'సుస్థిర స్థానం' అన్నా చలించనిది అనే అర్థమే ముందు తోస్తుంది. డెల్టా స్వభావమేమో చలనం. నది ఒండ్రు తెచ్చి పోస్తుంది, సముద్రం కోస్తుంది, లంకలు పుడతాయి, మునుగుతాయి. హంసలదీవి, నాగాయలంక, ఏటిమొగ వంటి ఊరిపేర్లలోనే దీవి, లంక, మొగ ఉన్నాయి. బందరు అంటే రేవు; ఆ రేవు పూడిక వల్ల ప్రాభవం కోల్పోయి, 2023 మే నెలలో కొత్త ఓడరేవు నిర్మాణం ప్రారంభమయ్యేదాకా ఊరు పేరులోనే రేవును మోసింది. ఇలాంటి నేలకు 'సుస్థిర' విశేషణం తగిలించినప్పుడు, దాన్ని కదలకుండా చేయడమే లక్ష్యమన్న భ్రమ కలుగుతుంది.

భ్రమ అనడానికి ఆధారం ఉన్నది. 2009లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వెలువడిన సివిట్‌స్కీ బృందం పరిశోధన ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి, కృష్ణను అత్యధిక ప్రమాదంలో ఉన్న వాటి సరసన చేర్చింది. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడం అందుకు ముఖ్యకారణం. అదే ఏడాది గామగే, స్మాఖ్తిన్‌లు కృష్ణా డెల్టా తీరం వెనక్కి తగ్గుతున్నదా అన్న ప్రశ్నతోనే ఒక పత్రం రాసి, తగ్గుతున్నదని ఉపగ్రహ చిత్రాలతో చూపారు. 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి, ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం ఇవన్నీ నీటిని స్థిరపరిచాయి. సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టుకు సార్వా, అవకాశాన్ని బట్టి దాళ్వా నిలిచాయి. నీరు స్థిరపడ్డకొద్దీ నేల అస్థిరమైంది. ఈ వైరుధ్యాన్ని 'సుస్థిర' శబ్దం చెప్పలేదు. 'ఒండ్రు' చెప్పగలదు. తెలుగులో సుస్థిరాభివృద్ధిపై రాసిన పాఠ్యభాగం దేన్ని తీసుకున్నా లక్ష్యాల పట్టిక ఉంటుంది గాని ఒండ్రు అరుదుగా కనిపిస్తుంది.

3. పర్ర ఎలా బంజరయింది?

దివిసీమ నుంచి కృత్తివెన్ను దాకా తీరం వెంబడి ఉప్పుపొంగే పల్లపు నేలను 'పర్ర' అంటారు. పోటు సమయంలో ఉప్పునీరు ఎక్కుతుంది, పాటుకు దిగుతుంది, ఎండకు పైన ఉప్పు పేరుతుంది. వానాకాలం మంచినీరు నిలిస్తే పశువుల మేతకు ఆధారమవుతుంది. అంచుల్లో మడ ఉంటుంది. మడలోనూ తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న అని వేరువేరు పేర్లున్నాయి. ఏది ఎక్కడ పెరిగితే అక్కడికి పోటు ఎంత ఎక్కుతుందో చెప్పగలిగినవారు పీతలు పట్టే యానాదులు, మొగల్లో వేటకు వెళ్ళే మత్స్యకారులు. పర్రకు పక్కనే ఉన్నా 'చౌడు' వేరు. చౌడు సేద్యపు నేలకు పట్టిన తెగులు. పర్ర నేల స్వభావమే.

ప్రణాళికా విద్యార్థి ముందు పరిచే పటాల్లో ఈ భేదాలుండవు. జాతీయ స్థాయిలో 2000 నుంచి వెలువడుతున్న బంజరు భూముల అట్లాసులో చిత్తడిగా ఉండే నేల, తీరప్రాంతపు ఉప్పునేల కూడా బంజరు రకాలే. 2011లో వెలువడిన జాతీయ చిత్తడినేలల అట్లాసు తీరప్రాంతపు ఉప్పుచిత్తడిని, మడను కాపాడవలసిన చిత్తడినేలలుగా లెక్కించింది. ఒకే రకపు నేల ఒక పుస్తకంలో పనికిరానిది, మరొక పుస్తకంలో విలువైనది. రెండు అట్లాసులకూ ఉపగ్రహ చిత్రాలే ఆధారం కనుక ఇది చూపులోని తేడా కాదు, పేరులోని తేడా. స్నాతకోత్తర విద్యార్థి ఏ అట్లాసును ముందు తెరిస్తే అతని ప్రణాళిక ఆ వైపుకు మొగ్గుతుంది. 'బంజరు' అన్న తరవాత దాన్ని ఉపయోగంలోకి తేవడం పుణ్యకార్యంగా కనిపిస్తుంది. ఉపయోగంలోకి తేవడమంటే ఇక్కడ ఆచరణలో చెరువు తవ్వడమే.

4. చెరువు, సాగు, పరిశ్రమ

ఈ వ్యాసంలోని మాటలన్నింటిలో చిక్కుముడి వంటిది 'చెరువు'. తెలుగు గ్రామానికి చెరువు అంటే ఊరి ఉమ్మడి ఆస్తి. డెల్టా గ్రామాల్లో వేసవికి ముందు కాలువనీటితో నింపుకొనే మంచినీటి చెరువు ఇప్పటికీ ఊరి ప్రాణాధారం. దాన్ని తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కించిన సంప్రదాయం మనది. ఆ గౌరవమంతా పేరుతోపాటు చేపల చెరువుకు, రొయ్యల చెరువుకు బదిలీ అయింది. నాలుగువైపులా గట్టు వేసి, ఒకరి పేరనో ఒకరి లీజులోనో ఉండి, మేత, సీడు, ఏరియేటర్లతో నడిచే తటాకాన్ని కూడా అదే మాటతో పిలుస్తున్నారు. 'గ్రామంలో చెరువుల విస్తీర్ణం పెరిగింది' అనే వాక్యం తెలంగాణలోనో రాయలసీమలోనో శుభవార్త. కైకలూరు, కృత్తివెన్ను వైపు అదే వాక్యానికి వరిచేలు తగ్గాయని, మురుగుకాలువలో ఉప్పు పెరిగిందని అర్థం కావచ్చు.

రెండవ మాట 'సాగు'. 1996 డిసెంబరులో ఎస్.జగన్నాథ్ కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు రొయ్యల పెంపకాన్ని పరిశ్రమగానే చూసింది. తీరప్రాంత నియంత్రణ మండలిలో సంప్రదాయ, మెరుగుపరచిన సంప్రదాయ పద్ధతులు తప్ప తక్కిన చెరువులు ఉండరాదన్నది. వ్యవసాయ భూములు, మడ అడవులు, చిత్తడినేలలు, ఉప్పుమళ్ళు, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదన్నది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, అనుమతించిన చెరువులను ఆ నిషేధం నుంచి తప్పించింది. పర్యావరణ విధానం చదివే ప్రతి తరగతిలోనూ ఈ తీర్పు, ఈ చట్టం పాఠ్యాంశాలే. తెలుగులో వాటి చుట్టూ జరిగిన చర్చ మాత్రం పాఠ్యాంశం కాలేదు. ఎగుమతుల సందర్భంలో పత్రికలకు అది 'ఆక్వా పరిశ్రమ'. ధర పడిపోయినప్పుడు, కరెంటు రాయితీ అడిగినప్పుడు అది 'రొయ్యల సాగు', చేసేవాడు 'ఆక్వా రైతు'. రెండు మాటలూ అబద్ధాలు కావు. రొయ్యల చెరువు వేసినవారిలో ఎకరం, రెండెకరాల వారూ ఉన్నారు; 1990ల నడుమ తెల్లమచ్చ తెగులుతో టైగర్ రొయ్య కుప్పకూలినప్పుడు, 2009 తరవాత వనామి వచ్చినప్పుడు ఎక్కువ దెబ్బతిన్నదీ ఎక్కువ ఆశపడ్డదీ వారే. అయితే ఏ సందర్భంలో ఏ మాట ముందుకు వస్తున్నదో గమనించడమే విధాన విశ్లేషణ. ఆ పని చేయడానికి తెలుగు చదివినవాడికి ఉన్న అర్హత చిన్నది కాదు.

చట్టం కూడా మాటల మీదే నడుస్తుంది. 2017 నాటి చిత్తడినేలల నియమాలు ఆక్వాకల్చర్ కోసం, ఉప్పు తయారీ కోసం, సేద్యపునీటి కోసం మనుషులు నిర్మించుకున్న జలాశయాలను నిర్వచనం నుంచి మినహాయించాయి, వరిచేలనూ మినహాయించాయి. కాబట్టి పర్రను చెరువుగా మార్చి కొంతకాలం గడిస్తే, ఒకప్పుడు అది పర్ర అని నిరూపించగలిగిన వారే దాని రక్షణ కోరగలరు. ఆ నిరూపణకు ఉపగ్రహ చిత్రంతోపాటు ఊరివాళ్ళ మాట కావాలి. ఆ మాటను నమోదు చేసే పద్ధతి ప్రణాళికా విద్యలో లేదు.

5. కాంటూరు: అరువు మాట సొంతమైన తీరు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఇది అచ్చతెలుగు పక్షపాతమని అనిపించవచ్చు. గుడివాడ నుంచి కైకలూరు వైపు వెళ్తే ఆ అనుమానం తీరుతుంది. 1999లో ప్రభుత్వం జి.ఓ. 120 ద్వారా కొల్లేరులో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రామ్‌సార్ ఒప్పందపు జాబితాలో చేరింది. 2006లో ఆక్రమిత చెరువుల గట్లను పేల్చివేశారు. ఐదు నుంచి మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. ఇంత జరిగాక లంకగ్రామాల్లో 'కాంటూరు' తెలియని ఇల్లు లేదు. సర్వేశాస్త్రంలోని పారిభాషిక పదం చదువురానివారి నోట కూడా కచ్చితమైన అర్థంతో పలుకుతున్నది. 'మీ పొలం ఎన్నో కాంటూరు?' అనేది పెళ్ళిసంబంధాల్లో అడగదగ్గ ప్రశ్న.

పారిభాషిక పదం కఠినమైనందువల్ల జనానికి అందదన్న వాదం ఇక్కడ వీగిపోతుంది. జీవితాన్ని తేల్చే పదాన్ని జనం ఏ భాషదైనా నేర్చుకుంటారు. 'నీటి వినియోగదారుల సంఘం' అని 1997 చట్టం పెట్టిన పేరును 'నీటి సంఘం' అని కుదించుకున్నారు. కాలువ కాపలాదారును ఎవరూ కాలువ పర్యవేక్షకుడనరు, 'లస్కరు' అంటారు. 'సుస్థిరాభివృద్ధి' ఇలా నోటికి ఎక్కకపోవడానికి కారణం సంస్కృతత కాదు. ఆ మాట పేరిట వారి పొలంలో ఇంతవరకు ఏ నిర్ణయమూ జరగలేదు.

కొల్లేరులో మాటలు నిర్దోషులు అని కూడా అనరాదు. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చింది. తరవాత పెట్టుబడి ఉన్నవారు లీజుల రూపంలో వాటిలోకి వచ్చారు. 'సంఘం చెరువు' అన్న పేరు అలాగే నిలిచింది. స్థానిక పదం స్థానిక అధికారాన్ని కప్పిపుచ్చగలదనడానికి ఇది నిదర్శనం. జానపద జ్ఞానాన్ని ప్రశంసించే పర్యావరణ పరిశోధనలు ఈ సంగతిని తరచుగా దాటవేస్తాయి.

అక్కినేని కుటుంబరావు నవల 'కొల్లేటి జాడలు' ఈ మార్పుకు సాహిత్యసాక్ష్యం. వసంత్ కన్నబిరాన్ ఆంగ్లానువాదం 'సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్' పేరుతో వచ్చింది. ఆంగ్ల శీర్షిక సరస్సు మెల్లగా చనిపోతున్నదని ప్రకటిస్తుంది. తెలుగు శీర్షిక జాడలను వెతుకుతుంది. ప్రణాళికా విద్యార్థికి రెండవ వైఖరి ఎక్కువ ఉపయోగం. చనిపోయినదానికి ప్రణాళిక ఉండదు గదా. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరంతా చివరకు చేరవలసింది కొల్లేరుకే, అక్కడినుంచి ఉప్పుటేరు ద్వారా సముద్రానికే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినప్పుడు కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి మండలాలు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. గుడివాడ కృష్ణా జిల్లాలో ఉన్నది. నీటి బాట ఒకటి, దస్త్రాల బాట మరొకటి.

6. తుఫాను, ఉప్పెన

1977 నవంబరు 19 నాటి విపత్తును ఆంగ్ల గ్రంథాలు ఆంధ్రప్రదేశ్ సైక్లోన్ అంటాయి. తెలుగువారు 'దివిసీమ ఉప్పెన' అంటారు. మొదటిది గాలికి పెట్టిన పేరు, రెండవది నీటికి. అధికారిక లెక్కల ప్రకారమే పదివేల ప్రాంతంలో మనుషులు మరణించారు. వారిలో అత్యధికులు మునిగి చనిపోయారు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని తుడిచిపెట్టి సుమారు ముప్పైవేలమందిని బలిగొన్నదీ ఉప్పెనే. గాలి ఇంటికప్పును లేపుతుంది, ఉప్పెన ఇంటిని ఊరితో సహా తీసుకుపోతుంది. గాలికి తలుపు వేసుకొని ఇంట్లో ఉండాలి, ఉప్పెనకు ఇల్లు వదిలి పోవాలి. ఈ రెండు వ్యతిరేక కర్తవ్యాల మధ్య భేదం ఒక్క మాటలో ఇమిడి ఉన్నది.

1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గరే తీవ్రమైన తుఫాను తీరం దాటింది. మృతుల సంఖ్య వెయ్యి లోపు. ముందుగా ప్రజలను పెద్దయెత్తున తరలించడం, ఉప్పెన తరవాత కట్టిన తుఫాను రక్షణ కేంద్రాలు అందుకు కారణాలు. విపత్తు నిర్వహణ పాఠాల్లో ఈ పోలికకు ప్రముఖస్థానం దక్కాలి. అయితే తెలుగు ప్రకటనల్లో, పాఠాల్లో ఉప్పెనకు బదులు 'అలల ఉద్ధృతి', 'సముద్రం ముందుకు రావడం' వంటి పదబంధాలు చోటు చేసుకుంటున్నాయి. ఇరవై ఏళ్ళ వయసున్న విద్యార్థికి ఉప్పెన అంటే ఒక సినిమా పేరు. పెద్దల నోట ఆ మాటకున్న భయం తగ్గిపోతే, హెచ్చరిక విన్నవాడు కదలడం ఆలస్యమవుతుంది. పదజాలం ప్రాణనష్టానికి సంబంధించిన విషయమని చెప్పడానికి దివిసీమ కంటే బలమైన ఉదాహరణ దొరకదు.

7. సభలో చదివేది ఎవరికి?

పర్యావరణ ప్రభావ మదింపుపై 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రజాభిప్రాయ సేకరణకు విధివిధానాలు నిర్దేశించింది. నివేదిక సారాంశం ఆంగ్లంలోనూ స్థానిక భాషలోనూ ఉండాలి. పూర్తి నివేదిక స్థానిక భాషలో ఉండాలన్న స్పష్టమైన నిబంధన లేదు. నీటి నాణ్యత పట్టికలు, ఉప్పునీరు ఎగదన్నే అంచనాలు, మురుగునీరు ఏ డ్రెయినులో కలుస్తుందన్న వివరాలు సారాంశంలో ఒకటి రెండు వాక్యాలకు కుదించుకుపోతాయి. 2020లో కొత్త ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నింటిలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. ప్రజల భాషలో లేని పత్రంపై ప్రజలు అభిప్రాయం చెప్పలేరన్న సామాన్యసూత్రం ఆ ఆదేశానికి మూలం.

సారాంశాల తెలుగును సాహిత్యవిమర్శకుడు చదివితే మొదట కనిపించేది కర్త లేకపోవడం. 'తగు చర్యలు తీసుకొనబడును', 'హరితవలయము అభివృద్ధి చేయబడును' వంటి కర్మణి వాక్యాల్లో ఎవరు, ఎప్పుడు, ఎవరి ఖర్చుతో అన్నవి మాయమవుతాయి. ఆంగ్ల మూలంలోనూ కర్మణి ప్రయోగమే ఉంటుంది. అక్కడ అది శైలి. తెలుగు సహజవాక్యం కర్తను కోరుతుంది కనుక ఇక్కడ అది బాధ్యతను తప్పించుకోవడంగా వినిపిస్తుంది. మత్స్యకారుడు సభలో లేచి 'ఎవరు చేస్తారు?' అని అడిగితే అతనికి విషయం అర్థం కాలేదని అధికారులు అనుకోవచ్చు. నిజానికి అతను వ్యాకరణదోషాన్ని పట్టుకున్నాడు.

8. తెలుగు శాఖల వంతు

ఈ విషయంలో తెలుగు శాఖలు చేసిన పని పరిమితం. 'పర్యావరణ స్పృహ' పేరుతో వచ్చిన సిద్ధాంతగ్రంథాల్లో అనేకం కావ్యాల్లోని చెట్లు, పక్షులు, ఋతువుల వర్ణనలను జాబితాలు చేసి తృప్తిపడ్డాయి. ప్రకృతివర్ణన ఉన్నంతమాత్రాన పర్యావరణ చింతన ఉన్నట్లు కాదు. ఆ లెక్కన అష్టాదశ వర్ణనల ప్రబంధాలన్నీ పర్యావరణ గ్రంథాలే కావాలి.

అంతకంటే పనికివచ్చే నమూనా మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. ఊరూరా తిరిగి, పనిచేసేవారిని అడిగి, ప్రాంతభేదాలతో సహా పదాలను నమోదు చేసిన పద్ధతి అది. సామాజిక శాస్త్రజ్ఞులు ఈనాడు క్షేత్రపరిశోధన అంటున్నదాన్ని భాషాశాస్త్రజ్ఞులు అరవై ఏళ్ళ కిందట తెలుగు నేలమీద చేసి చూపారు. ఆ సంపుటం వచ్చేనాటికి డెల్టాలో వాణిజ్య రొయ్యల చెరువు లేదు, ఐదో కాంటూరు తగాదా లేదు, సీడు, ఏరియేటరు లేవు. ఇప్పుడు దిగువ డెల్టాలో పదకోశం చేయబూనిన పరిశోధకుడు ఆరోపంగా అర్థం రాసి ఊరుకుంటే చాలదు. ప్రతి పదానికీ ఆ పదం సూచించే చోటును సర్వే నంబరుతో పటంమీద గుర్తించాలి, రెవెన్యూ దస్త్రంలో దానికున్న పేరు, ఉపగ్రహపటంలో దానికున్న వర్గం పక్కపక్కన రాయాలి. మూడూ సరిపోలని చోట విధానపరమైన ప్రశ్న మొదలవుతుంది. పటం గీసే పనికి విజయవాడ విద్యార్థి, మాట సేకరించే పనికి మచిలీపట్నం విద్యార్థి అవసరం. రెండు విశ్వవిద్యాలయాల ఉమ్మడి పర్యవేక్షణలో ఒక పిహెచ్.డి.గా దీన్ని రూపొందించవచ్చు.

సేకరణకు నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను మండలాలను ముందు తీసుకోవడం మంచిది. అక్కడ చెరువుగట్ల కింద పర్ర ఎక్కడిదాకా ఉండేదో, పోటు ఏ చెట్టుదాకా ఎక్కేదో చూసి చెప్పగలవారు ఇంకా ఉన్నారు. 1977లో పదిహేనేళ్ళ వయసున్నవారికి ఇప్పుడు అరవై దాటాయి.